ఆరు నిమిషాల నడక పరీక్ష ఎలా చేయాలి: సీఓపీడీ, ఇతర ఊపిరితిత్తుల జబ్బులున్న పేషెంట్ల కోసం

కొత్తగా చేరిన ఫిజియోలు, స్టాఫ్ నర్సులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "సిక్స్ మినిట్ వాక్ అంటే పేషెంటును ఆరు నిమిషాలు నడిపించి దూరం రాయడమే కదా, ఇందులో నేర్చుకునేది ఏముంది?"

మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఒక పెద్దాయనను రెండు నెలల తర్వాత మళ్లీ నడిపించి, పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టినప్పుడు తెలిసింది నా పొరపాటు. మొదటిసారి పొడుగాటి వరండాలో నడిపించాను, రెండోసారి వార్డు మధ్యలో. మొదటిసారి చెప్పులతో నడిచారు, రెండోసారి వట్టి కాళ్లతో. మొదటిసారి కొడుకు పక్కనే నడుస్తూ మాట్లాడించాడు. చేతిలో రెండు అంకెలున్నాయి గానీ, రెండు నెలలు కష్టపడి వ్యాయామం చేసిన ఆ మనిషి మెరుగయ్యాడో లేదో చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి ఈ పరీక్షను నేను తేలిగ్గా తీసుకోలేదు. మీరూ తీసుకోవద్దు.

దీనికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. కావలసిందల్లా ప్రతిసారీ ఒకేలా చేయడం. కింద రాసిన జాగ్రత్తల్లో చాలావరకు దానికోసమే.

రెండు ముక్కల్లో ఎందుకు చేస్తామో చెబుతాను. ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, గాలి ఎంత బయటికొస్తోంది, ఎంత వేగంగా వస్తోంది అన్నది చెబుతుంది. ఆ మనిషి బస్టాండు నుంచి ఇంటిదాకా ఆగకుండా రాగలడా అన్నది చెప్పదు. ఊదే పరీక్షలో ఒకే రిపోర్టు వచ్చిన ఇద్దరిలో ఒకరు సంతకు వెళ్లొస్తుంటే, ఇంకొకరు బాత్రూమ్‌కు వెళ్లొచ్చి మంచం పట్టుకుని రొప్పుతుంటారు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక జబ్బు) ఒక్కదానికే కాదు, టీబీ తగ్గినా మిగిలిపోయిన ఊపిరితిత్తుల దెబ్బకూ, ఐఎల్‌డీకీ (ఊపిరితిత్తుల కణజాలం వాచి గట్టిపడే జబ్బులు), బ్రాంకియెక్టాసిస్‌కూ (శ్వాసనాళాలు పాడై వెడల్పైపోయే జబ్బు) ఇదే పరీక్ష. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో దీనికి పద్ధతి రాసింది. 2014లో యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీతో కలిసి దాన్ని సవరించింది. నేను చెప్పేది ఆ పద్ధతే, మన వరండాలకు తగ్గట్టుగా.

ముందు: ఎవరిని నడిపించకూడదు

ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లను, కూర్చున్నా ఛాతీ నొప్పి వస్తున్నవాళ్లను, గుండె లయ అదుపులో లేనివాళ్లను, కళ్లు తిరిగి పడిపోతున్నవాళ్లను డాక్టరు చూసి సరేననేదాకా నడిపించొద్దు. గుండెపోటు, ఛాతీ నొప్పి విషయంలో 2002 నాటి పద్ధతి నెల రోజుల గడువు పెట్టింది. కూర్చుని ఉన్నప్పుడే నాడి 120 దాటినా, పై బీపీ 180 లేదా కింది బీపీ 100 దాటినా ఆగి డాక్టరుకు చెప్పండి. విశ్రాంతిలోనే రక్తంలో ఆక్సిజన్ 85 శాతం లేదా అంతకంటే తక్కువ ఉంటే గది గాలి మీద నడిపించొద్దు. ఆక్సిజన్ పెట్టి చేయాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం.

ఇంకో మాట. జబ్బు ఎగదన్ని, కఫం రంగు మారి, స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ నడుస్తున్న రోజుల్లో వచ్చిన దూరాన్ని మొదటి కొలతగా పెట్టుకోవద్దు. తర్వాత ఏం చేసినా పెరిగినట్టే కనిపిస్తుంది. అది మీ వ్యాయామం గొప్పతనం కాదు, జబ్బు సర్దుకోవడం.

కావలసినవి

- 30 మీటర్ల నిటారు వరండా. నేల చదునుగా, తడి లేకుండా ఉండాలి. రెండడుగుల టైల్స్ ఉంటే సుమారు 50 పలకలు, అయినా టేపుతోనే కొలవండి.
- రెండు కోన్లు. లేకపోతే నీళ్లు నింపిన పెద్ద సీసాలు రెండు.
- రంగు టేపు, ప్రతి 3 మీటర్లకు నేల మీద గుర్తు పెట్టడానికి.
- స్టాప్‌వాచ్. ఫోన్ వాడితే కాల్స్ రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.
- పల్స్ ఆక్సీమీటర్, బీపీ మెషీన్.
- 0 నుంచి 10 దాకా ఉండే బోర్గ్ స్కేలు (ఆయాసం, అలసట ఎంతో పేషెంటు అంకెలో చెప్పే పట్టిక), పెద్ద అక్షరాల్లో, తెలుగులో.
- సులువుగా జరపగలిగే రెండు కుర్చీలు.
- అందుబాటులో ఆక్సిజన్, సాల్బుటమాల్ ఇన్‌హేలర్ లేదా నెబ్యులైజర్, పిలిస్తే వచ్చే డాక్టరు.
- రౌండ్లు లెక్కపెట్టడానికి ఏదైనా. నేను చింతగింజలు వాడతాను. రౌండు పూర్తవగానే ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి. కాగితం మీద గీతలు పెట్టుకునేవాళ్లు పేషెంటు ముఖం చూడటం మానేస్తారు, అందుకని.

పేషెంటుకు ముందురోజే చెప్పాల్సినవి: రోజూ వేసుకునే మందులు, పంపులు (ఇన్‌హేలర్లు) మామూలుగానే వేసుకోవాలి. తేలికగా తిని రావాలి. అంతకు ముందు రెండు గంటల్లో బరువు పనేదీ చేయకూడదు. రోజూ నడిచే చెప్పులే వేసుకురావాలి, చేతికర్ర వాడేవాళ్లు అది తెచ్చుకోవాలి. చీర కుచ్చిళ్లు గానీ, పంచె గానీ కాళ్లకు అడ్డం పడేలా ఉంటే పరీక్షకు ముందే పైకి దోపుకోమని చెప్పండి. మలుపు దగ్గర తట్టుకుని పడటం నేను చూశాను.

చేసే పద్ధతి

1. టైమ్ ఎంచుకోండి. ఓపీ రద్దీ లేని వేళ, వీలైతే ఉదయం. మొదటిసారి ఏ వేళ చేశారో తర్వాతా ఆ వేళకే చేయండి. మే నెల మధ్యాహ్నం నడిచిన దూరాన్ని డిసెంబరు ఉదయం దూరంతో పోల్చలేం.

2. పేషెంటును మొదలుపెట్టే చోటుకు దగ్గర్లో కుర్చీలో కనీసం 10 నిమిషాలు కూర్చోబెట్టండి. వార్మప్ నడక వద్దు. మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చి ఉంటే ఇంకాసేపు కూర్చోనివ్వండి.

3. బీపీ, నాడి, ఆక్సిజన్ రాయండి. ఆక్సీమీటరు చూపే నాడిని మణికట్టు దగ్గర మీ వేళ్లతో పట్టిన నాడితో పోల్చండి. రెండూ సరిపోకపోతే ఆక్సిజన్ అంకెను కూడా నమ్మకండి. గోళ్లరంగు తీసేయించండి. నల్ల మెహందీ ఉంటే వేరే వేలు లేదా చెవికి పెట్టే ప్రోబ్ వాడండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో ఈ మెషీన్లు అసలు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. కాబట్టి 89, 90 దగ్గర ఆగిన అంకె చూసి నిశ్చింతగా ఉండకండి.

4. బోర్గ్ స్కేలు అడగండి. ఇది దాటేసి వెళ్లేవాళ్లు ఎక్కువ, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: ఆయాసం ఎంత, కాళ్ల అలసట ఎంత. సున్నా అంటే అసలు లేదు, 3 అంటే మధ్యస్తం, 5 అంటే తీవ్రం, 10 అంటే ఇంతకు మించి ఉండదు. మనవాళ్లు ఆయాసానికి వాడే మాట ఊరిని బట్టి మారుతుంది. ఒకరు ఆయాసం అంటారు, ఒకరు ఎగపోత, ఒకరు దమ్ము, ఇంకొకరు గస అంటారు. ముందు వాళ్ల మాట ఏదో కనుక్కుని, ఆ మాటతోనే అడగండి. "నీరసంగా ఉంది" అంటే ఆయాసమో, కాళ్లు లాగుతున్నాయో మళ్లీ అడిగి తేల్చుకోండి. చదువు రానివాళ్లకు పది వేళ్లు చూపించి, "ఏమీ లేకపోతే పిడికిలి, భరించలేనంత ఉంటే పది వేళ్లూ, ఇప్పుడు ఎన్ని?" అని అడగండి. "పర్లేదమ్మా" అనే జవాబును కాగితం మీద 0గా రాయకండి. పర్లేదు అన్నవాళ్లలో నాలుగు వేళ్లు చూపించినవాళ్లు చాలామంది ఉన్నారు.

5. ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లయితే ఫ్లో ఎన్ని లీటర్లో, సిలిండరు ఎవరు తెస్తున్నారో రాయండి. ఇంట్లో తనే తోసుకుంటూ నడిచే మనిషి ఇక్కడా తనే తోసుకోవాలి. ఫ్లో మార్చితే పది నిమిషాలైనా ఆగి మొదలుపెట్టండి. పరీక్ష మధ్యలో ఫ్లో మార్చొద్దు.

6. ఒక రౌండు మీరే నడిచి చూపించండి. కోను దగ్గర ఆగకుండా ఎలా తిరగాలో చూపించండి. తర్వాత ఈ మాటలు చెప్పండి. మీ ఊరి యాసలో చెప్పండి, విషయం మాత్రం మార్చొద్దు:

"ఆరు నిమిషాల పాటు ఈ రెండు కోన్ల మధ్య అటూ ఇటూ నడవాలండి. ఎంత ఎక్కువ దూరం నడవగలిగితే అంత నడవండి. పరుగెత్తొద్దు. ఆయాసం వస్తుంది, అలుపొస్తుంది. నెమ్మదించొచ్చు, ఆగొచ్చు, గోడకు ఆనుకోవచ్చు, కూర్చోవచ్చు. వీలవగానే మళ్లీ నడవండి. నిమిషం నిమిషానికీ నేను టైమ్ చెబుతాను. మీరు మాట్లాడొద్దు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం వెంటనే చెప్పండి. చివర్లో 'ఆగండి' అంటాను, ఎక్కడున్నారో అక్కడే ఆగిపోండి."

"ఎంత ఎక్కువ దూరం" అన్న మాట తప్పక ఉండాలి. "మీకు నచ్చినట్టు నడవండి" అంటే అది వేరే పరీక్ష.

7. మొదలవగానే స్టాప్‌వాచ్ నొక్కండి. మీరు పక్కన నడవొద్దు, ముందు అసలే నడవొద్దు. పక్కన ఎవరు నడిస్తే వాళ్ల వేగాన్నే పేషెంటు అందుకుంటాడు. ఆక్సిజన్ చూడటానికి వెంట వెళ్లాల్సి వస్తే రెండడుగులు వెనక నడవండి. వేలి క్లిప్ ఊడిపోకుండా వదులుగా టేపు వేయండి.

8. నిమిషానికోసారి ఈ మాటలే, మామూలు గొంతుతో:
1వ నిమిషం: "బాగా నడుస్తున్నారు. ఇంకా 5 నిమిషాలుంది."
2వ నిమిషం: "అలాగే కానివ్వండి. ఇంకా 4 నిమిషాలు."
3వ నిమిషం: "బాగా నడుస్తున్నారు. సగం అయింది."
4వ నిమిషం: "అలాగే కానివ్వండి. ఇంకా 2 నిమిషాలే."
5వ నిమిషం: "బాగా నడుస్తున్నారు. ఇంకొక్క నిమిషం."
6వ నిమిషం: "ఆగండి."
ఇంతకు మించి ఒక్క మాట వద్దు. ఉత్సాహపరిస్తే నడిచే దూరం పెరుగుతుందని 1984లోనే పరీక్షించి చూపించారు. మొదటిసారి మౌనంగా ఉండి, రెండోసారి చప్పట్లు కొడితే, పెరిగిన దూరం మీ చప్పట్లదే.

9. మధ్యలో ఆగితే వాచ్ ఆపొద్దు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎన్నో నిమిషంలో ఆగారు, ఎందుకు ఆగారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టారు రాయండి. "వీలైనప్పుడు మళ్లీ నడవండి" అని మధ్యమధ్యలో చెబుతుండండి. ఆక్సిజన్ 80 కంటే తగ్గితే పేషెంటు బాగానే ఉన్నాననుకున్నా మీరే ఆపాలి. 85కి చేరాక, ఆరు నిమిషాలు ఇంకా మిగిలి ఉంటే మళ్లీ నడవనివ్వొచ్చు. ఛాతీ నొప్పి, తట్టుకోలేని ఆయాసం, తూలడం, ఒళ్లంతా చెమటలు, ముఖం పాలిపోవడం, పిక్కలు పట్టేయడం, వీటిలో ఏది కనిపించినా పరీక్ష అక్కడితో ఆపేసి కూర్చోబెట్టండి, డాక్టరును పిలవండి. ఆపేవరకు నడిచిన దూరం, ఆపిన కారణం రాసిపెట్టండి.

10. "ఆగండి" అనగానే కుర్చీ పేషెంటు దగ్గరికి మీరు తీసుకెళ్లండి. ఆయన్ను కుర్చీ దగ్గరికి నడిపించొద్దు. ఆగిన చోట నేల మీద టేపు ముక్క అంటించండి. వెంటనే ఆక్సిజన్, నాడి, మళ్లీ రెండు బోర్గ్ అంకెలు. "ఇంకొంచెం నడవకుండా మిమ్మల్ని ఆపింది ఏమిటి?" అని అడిగి, వాళ్లు చెప్పిన మాటను చెప్పినట్టే రాయండి. మోకాళ్లు అంటే మోకాళ్లనే రాయాలి.

11. దూరం లెక్కించండి. 30 మీటర్ల వరండాలో ఒక రౌండు, అంటే పోయి రావడం, 60 మీటర్లు. ఉదాహరణకు 5 రౌండ్లు పూర్తి చేసి, ఆరో రౌండులో అవతలి కోను తిరిగి 8 మీటర్లు వెనక్కి వచ్చి ఆగారనుకుందాం. 300, 30, 8 కలిపితే 338 మీటర్లు.

12. కనీసం 30 నిమిషాలు కూర్చోబెట్టి, ఆక్సిజన్, నాడి మొదటి స్థితికి వచ్చాక, రెండోసారి చేయండి. రెండింటిలో ఎక్కువ దూరమే ఫలితం. రెండోసారి ఎందుకంటారా? మొదటిసారి చాలామంది తొలి నిమిషంలో గబగబా నడిచి మూడో నిమిషానికి ఆగిపోతారు. రెండోసారికి ఎలా నడవాలో తెలిసిపోతుంది. ఆ తేడా సగటున 26 మీటర్లని 2014 పద్ధతిలోనే ఉంది. మొదటి విజిట్లో ఒక్కసారే చేసి, రెండు నెలల తర్వాత ఇంకోసారి చేస్తే, పెరిగిన 26 మీటర్లు ఊపిరితిత్తులవా, అలవాటువా అన్నది ఎవరూ చెప్పలేరు. ఓపీలో టైమ్ లేదన్నది నాకు తెలుసు. కనీసం మొదటి విజిట్లోనైనా రెండుసార్లు చేయండి. ఆ రోజు ఓపిక లేదంటే రెండో నడకను మర్నాటికి పెట్టుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

రౌండు లెక్క తప్పడం అన్నిటికంటే పెద్దది. ఒక్క రౌండు మరిచిపోతే 60 మీటర్లు పోయినట్టే. మెరుగయ్యాడనడానికి మనం చూసే తేడా 30 మీటర్లే. అంటే ఒక్క చింతగింజ జారితే రెండు నెలల కష్టం కాగితం మీద తలకిందులవుతుంది.

రెండోది చివరి ముక్కను తప్పు వైపు నుంచి కొలవడం. పై ఉదాహరణలోనే చూడండి. పేషెంటు అవతలి కోను నుంచి 8 మీటర్లు వచ్చారు. మీరు ఇవతలి కోను నుంచి కొలిస్తే 22 వస్తుంది, మొత్తం 352 అవుతుంది. సీఓపీడీ ఎంత ముదిరిందో లెక్కగట్టే బోడ్ స్కోరులో 350, ఆ పైన నడిస్తే సున్నా, 250 నుంచి 349 దాకా అయితే ఒకటి. టేపు తప్పు కొసన పట్టుకున్నందుకు పేషెంటు స్కోరు మారిపోయింది.

మూడోది ట్రెడ్‌మిల్. "వరండా లేదు, ట్రెడ్‌మిల్ ఉంది, దాని మీద ఆరు నిమిషాలు నడిపిస్తే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదు. బెల్టు మీద నడక అలవాటు లేనివాళ్లు కడ్డీ పట్టుకుని వేలాడతారు. ఆ దూరాన్ని నేల మీది దూరంతో పోల్చకూడదు.

నాలుగోది ఇంటివాళ్లు. "నాన్నా మెల్లగా", "అమ్మా తొందరగా" అని ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. ప్రేమతోనే అరుస్తారు, కసురుకోకండి. మంచినీళ్ల సీసా చేతికిచ్చి కుర్చీ దగ్గర కూర్చోమనండి. పని అప్పగిస్తే అరవరు.

అయిదోది, ఆఖర్న చూసిన ఆక్సిజన్‌నే రాయడం. ఆరో నిమిషంలో 90 ఉండొచ్చు గానీ నాలుగో నిమిషంలో 83కు పడి లేచి ఉండొచ్చు. కాగితం మీద ఉండాల్సింది నడక మొత్తంలో కనిపించిన అతి తక్కువ అంకె. ముఖ్యంగా ఐఎల్‌డీ పేషెంట్లలో దూరం బాగానే వచ్చినా, ఆక్సిజన్ మాత్రం గబగబా పడిపోవచ్చు. దూరం చూసి సంతోషపడి పంపేస్తే అసలు విషయం వదిలేసినట్టు.

వచ్చిన అంకెను నమ్మొచ్చా? చూసుకోవాల్సినవి

కాగితం ఫైల్లో పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. రెండు నడకల మధ్య తేడా 60 మీటర్ల దగ్గరకొస్తే ముందు రౌండు లెక్కనే అనుమానించండి. నడక ముగిశాక ఆయాసం, కాళ్ల అలసట రెండూ 1 లోపే ఉండి, నాడి కూడా పెద్దగా పెరగకపోతే, పేషెంటు పూర్తిగా ప్రయత్నించలేదు. మాట అర్థమైందో లేదో కనుక్కుని మళ్లీ చేయండి. ఆక్సిజన్ ఒక్కసారిగా 15 అంకెలు పడిపోయి రెండు సెకన్లలో తిరిగి వచ్చేస్తే అది చేయి కదలిక వల్ల కావచ్చు, సిగ్నల్ చూసుకోండి. నెమ్మదిగా దిగి, ఆగాక నెమ్మదిగా ఎక్కితే అది నిజమైన పతనం.

కాగితం మీద తేదీ, వేళ, వరండా పొడవు, చెప్పులు, చేతికర్ర, ఆక్సిజన్ ఫ్లో, ఆ రోజు పంపు వేసుకున్న టైమ్, ఎన్నిసార్లు ఆగారు, ఇవన్నీ ఉండాలి. వీటిలో ఏది లేకపోయినా మీ తర్వాత వచ్చేవాళ్లు అదే పరీక్షను అదే విధంగా చేయలేరు.

అంకెను ఎలా చదవాలి

పేషెంటును పేషెంటుతోనే పోల్చడం అన్నిటికంటే నమ్మదగింది. 338 నడిచినవారు రిహాబ్ (ఊపిరితిత్తుల జబ్బువాళ్లకు ఇచ్చే వ్యాయామ శిక్షణ) తర్వాత 372 నడిస్తే తేడా 34. సుమారు 30 మీటర్లు దాటిన మార్పును పేషెంటుకు తెలిసే మార్పుగా తీసుకుంటాం. 338 నుంచి 345కు వస్తే, మెరుగయ్యారని గానీ లేదని గానీ అనకండి.

ఆ వయసు ఆరోగ్యవంతులు ఎంత నడుస్తారన్నది తెలియాలంటే 1998లో వచ్చిన ఎన్‌రైట్, షెరిల్ సూత్రం ఉంది. మగవారికి: ఎత్తు సెంటీమీటర్లలో × 7.57, అందులోంచి వయసు × 5.02, బరువు కిలోల్లో × 1.76, ఇంకా 309 తీసేయాలి. ఆడవారికి: ఎత్తు × 2.11కు 667 కలిపి, బరువు × 2.29, వయసు × 5.78 తీసేయాలి. 62 ఏళ్లు, 165 సెంటీమీటర్లు, 58 కిలోలున్న మగమనిషికి 527 మీటర్లు వస్తుంది. అయితే ఇది 40 నుంచి 80 ఏళ్ల అమెరికన్లను నడిపించి కట్టిన సూత్రం. మనవాళ్లకు అచ్చంగా సరిపోతుందని అనుకోకండి. నేను దీన్ని డాక్టరుకు ఒక అందాజుగా మాత్రమే చెబుతాను, పేషెంటుకు చెప్పను. "మీరు మామూలు మనిషిలో 64 శాతమే" అని విన్న ముఖం నేను మళ్లీ చూడదలచుకోలేదు.

ఆక్సిజన్ 4 శాతం లేదా ఎక్కువ పడితే ప్రత్యేకంగా గుర్తుపెట్టండి. 88 కంటే కిందికి వెళితే ఆ రోజే డాక్టరుకు చూపించండి, నడిచేటప్పుడు ఆక్సిజన్ కావాలేమో ఆయన తేల్చాలి.

30 మీటర్ల వరండా లేకపోతే

20 మీటర్లున్నా చేయొచ్చు. కానీ మలుపులు ఎక్కువై దూరం తగ్గుతుంది. అందుకే ఆ పేషెంటుకు ఎప్పుడూ అదే 20 మీటర్ల చోట చేయండి, పైన చెప్పిన 350 లాంటి హద్దులు దానికి పెట్టకండి.

10 మీటర్లే ఉంటే షటిల్ వాక్ టెస్ట్ మంచిది. రెండు కోన్లను చెరో చివర అర మీటరు లోపలికి పెట్టి, రికార్డు చేసిన బీప్ శబ్దాలకు తగ్గట్టు నడిపిస్తారు. సెకనుకు అర మీటరు వేగంతో మొదలై నిమిషానికోసారి వేగం పెరుగుతుంది, ఇలా 12 స్థాయిలు ఉంటాయి. ఇందులో పేషెంటును చివరిదాకా తోస్తాం కాబట్టి గుండె విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం.

ఇంట్లో చేసుకోవచ్చా?

ఈ ప్రశ్న పేషెంట్ల పిల్లల దగ్గర్నుంచి వస్తుంది, ఎక్కువగా వేరే దేశంలో ఉండి వీడియో కాల్‌లో అమ్మానాన్నలను చూసుకునేవాళ్ల దగ్గర్నుంచి. నడక పరీక్ష ఇంట్లో వద్దు. డాక్టరు సరేనంటే ఒక నిమిషం కూర్చుని లేచే పరీక్ష చేయొచ్చు.

1. చేతులు లేని గట్టి కుర్చీ, నేల నుంచి 46–48 సెంటీమీటర్ల ఎత్తు. వెనక గోడకు ఆనించండి. టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది, అది వద్దు.
2. ఇంట్లో ఇంకో మనిషి పక్కన ఉండాలి. వీడియో కాల్‌లో ఉన్నవాళ్లు ఆ మనిషి కిందికి రారు.
3. కూర్చుని ఆక్సిజన్, నాడి చూడండి. ఆక్సిజన్ 90 కంటే తక్కువుంటే చేయకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.
4. చేతులు ఛాతీకి అడ్డంగా కట్టుకుని, నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి పూర్తిగా కూర్చోగలిగితే అన్నిసార్లు. మధ్యలో ఆగొచ్చు. సగం లేస్తే లెక్కలోకి రాదు. 15 సెకన్లు మిగిలినప్పుడు చెప్పండి.
5. నిమిషం అయ్యాక ఆక్సీమీటరు తీసేయొద్దు. ఈ పరీక్షలో ఆక్సిజన్ చాలాసార్లు ఆగాకే ఇంకా కిందికి దిగుతుంది. మూడు నిమిషాలు చూసి, అతి తక్కువ అంకె రాయండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ అంకె మోకాళ్ల సంగతే చెబుతుంది, ఊపిరితిత్తులది కాదు. మిగతావారిలో మూడుసార్లు పెరిగినా తగ్గినా డాక్టరుకు చెప్పదగ్గ మార్పే. ఎన్నిసార్లు లేచారన్నదాని పక్కన తేదీతో పాటు కుర్చీ ఎత్తు కూడా రాయండి. వచ్చే నెల వేరే కుర్చీ మీద చేస్తే ఆ అంకెను దీని పక్కన పెట్టలేరు.